పోపుల పెట్టె దాణాలోకి

గుంటూరు మిరపకాయ వేస్తే కోడి కళ్లు చెమర్చకుండా తినేస్తుంది. దానికి కారం తెలియదు. మన నాలుకను మండించే క్యాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకం కోడి నరాల్లోనూ ఉంది కానీ, ఆ పదార్థం తగిలినా అది ఉలకదు, పలకదు. డేవిడ్ జూలియస్ బృందం ఈ సంగతిని 2002లో తేల్చింది. ఆయనకు 2021లో నోబెల్ తెచ్చిపెట్టిన పరిశోధన కూడా ఈ గ్రాహకం చుట్టూ తిరిగిందే. కోడికి తీపీ తెలియదు. షెడ్డులో దిగిన రోజు పిల్లలకు పట్టే బెల్లం నీళ్లు ప్రయాణ బడలిక తీర్చి ఓపిక ఇవ్వడానికే తప్ప రుచికి కాదు. చేదు మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే వేపాకు పొడి కాస్త ఎక్కువైతే మేత తగ్గిపోతుంది, మేత తగ్గితే బరువూ తగ్గుతుంది.

ఈ రుచుల లెక్క ఇప్పుడు దాణా మిల్లులకు పనికొస్తోంది. మిరప సారం, పసుపు, వెల్లుల్లి, దాల్చినచెక్క నూనె, వాములో ఘాటునిచ్చే థైమాల్... వంటింట్లో ఉండాల్సిన పోపుల పెట్టె బ్రాయిలర్ దాణాలోకి నడిచొస్తోంది. హైదరాబాద్ హైటెక్స్‌లో ఏటా జరిగే పౌల్ట్రీ ఇండియా ప్రదర్శనలో ఓ చుట్టు తిరిగితే చాలు, మూలికల సంచులు, సీసాలు ఎన్ని రకాలో! వీటిలో నిజంగా పనిచేసేవి ఉన్నాయి, ఆకుపచ్చ లేబుల్ తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి.

అసలు వీటి అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1948కి వెళ్లాలి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టాడు. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లో అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లల మీద వేరే పని చేస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది చవకగా బీ12 విటమిన్ దొరికే దాణా. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని తినిపించి చూస్తే, బీ12 లెక్కకు అందనంతగా పిల్లలు ఎదిగాయి. పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మహిమ అది. 1950లో ఈ వార్త బయటికొచ్చింది. ఆ తర్వాత రోగం ఉన్నా లేకపోయినా రోజూ చిటికెడు యాంటీబయాటిక్ కోళ్ల మేతలో భాగమైపోయింది.

ఆ చిటికెడే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొచ్చాయి. స్వీడన్ 1986లోనే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడటం మానేసింది. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధం. ఢిల్లీ చుట్టుపక్కల కొన్న 70 కోడిమాంసం నమూనాలను సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షిస్తే, 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయి. ఆ ఫలితం బయటపెట్టింది 2014లో. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశుపక్ష్యాదులకు వాడకుండా కేంద్రం 2019 జులైలో ఆపింది.

ఇక్కడో చిన్న పక్క మాట. బ్రాయిలర్ అంత త్వరగా ఎదగడానికి హార్మోన్ ఇంజెక్షన్లే కారణమని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకే దాణాతో పక్కపక్కనే పెంచారు. 56 రోజులకు పాత జాతి 905 గ్రాములు తూగితే, కొత్తది 4,202 గ్రాములు తూగింది. తేడా అంతా వంశంలోనిదే. ఇంత వేగంగా ఎదిగే పక్షికి పేగు ఒక్కరోజు మొరాయించినా నష్టమే.

ఆ పేగు దగ్గరే అసలు కథ ఉంది. పల్లెలో నాటుకోడి వెనక తిరిగే పిల్ల తల్లి రెట్టను కూడా గీరి ఏరుకు తింటుంది. చూడటానికి అసహ్యమే కానీ, పిల్ల పేగుకు కావలసిన మంచి బ్యాక్టీరియా అలాగే చేరుతుంది. బ్రాయిలర్ పిల్లకు తల్లి లేదు. హ్యాచరీలో ఇంక్యుబేటర్‌లో పొదిగి, ట్రేలో సర్ది, వ్యాన్‌లో వస్తుంది. నలభై చిల్లర గ్రాముల ఆ ప్రాణి పేగు ఖాళీ ఇల్లు. ముందు ఎవరొస్తే వాళ్లదే. ఫిన్లాండ్‌లో ఎస్కో నూర్మి, రాంటాలా 1973లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ల పేగులోని సరుకును రోజు వయసు పిల్లలకు పడితే సాల్మొనెల్లాకు చోటు దొరకలేదు. ఇవాళ ప్రోబయాటిక్ పేరుతో అమ్ముతున్నవాటికి వెన్నెముక ఆ ఆలోచనే. ఈస్ట్ గోడల నుంచి తీసే మన్నన్ ఒలిగోశాకరైడ్‌ల పని ఇంకో రకం. చెడ్డ బ్యాక్టీరియా పేగు గోడకు బదులు వాటిని పట్టుకుని, రెట్టతోపాటు బయటికి పోతుంది.

ఇక పసుపు. బ్రాయిలర్ దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. వానాకాలం పంటను రోడ్ల మీద ఆరబోసి, రాత్రి పట్టాలు కప్పి, మర్నాడు మళ్లీ తెరవడం తెలుగు ఊళ్లన్నింట్లో చూసే దృశ్యమే. తేమ 14 శాతం దాటి గోదాములోకి పోతే గింజకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. అది కోడి కాలేయాన్ని తినేస్తుంది, టీకా వేసినా పట్టకుండా చేస్తుంది. 2008లో గౌడ అనే పరిశోధకుడు, ఆయన అమెరికా సహచరులు కలిసి ప్రచురించిన పరిశోధనలో, అఫ్లాటాక్సిన్ కలిసిన దాణాలో 0.5 శాతం, అంటే కిలోకు 5 గ్రాముల పసుపు కలిపితే కాలేయానికి జరిగే నష్టం కొంత తగ్గింది. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు రైతులకు ఇది తీపి కబురే. కానీ ఆ ప్రయోగంలో వాడింది కర్కుమిన్ ఎంతుందో కొలిచి చూసుకున్న పసుపు. మార్కెట్‌లో ఏ బస్తాలో ఎంతుందో చూడకుండా గుప్పెడు కలిపేస్తే అది వైద్యం కాదు, నమ్మకం. పైగా బూజు మొక్కజొన్న కొని పసుపు చల్లడం కన్నా, ఎండిన మొక్కజొన్న కొనడమే తెలివి.

మిల్లులో ఇంకో చిక్కుంది. దాణాను గుళికలుగా చేసేటప్పుడు ఆవిరి పట్టిస్తారు, వేడి 80 డిగ్రీలు దాటుతుంది. వాము నూనె లాంటివి ఆవిరైపోతాయి, పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ చచ్చిపోతుంది. గట్టి పెంకు కట్టుకునే బాసిల్లస్ సబ్టిలిస్ బీజాలు మాత్రం ఆ వేడిని తట్టుకుంటాయి. అందుకే మంచి కంపెనీలు నూనెలకు పూత వేస్తాయి, లేదా ప్రోబయాటిక్‌ను నీళ్లలో ఇవ్వమంటాయి. నీళ్లలో క్లోరిన్ కలిపిన పూటే ప్రోబయాటిక్ కూడా పోస్తే రెండు డబ్బులూ దండగే.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది బ్రిటన్ పరిశోధకులు 1950ల మొదట్లో గమనించిన విషయం. అంతకుముందు కోళ్లు పెంచని కొత్త గదుల్లో పిల్లల్ని పెంచితే యాంటీబయాటిక్ వల్ల ఎదుగుదలలో తేడా రాలేదు. పాత షెడ్డులోనే వచ్చింది. అంటే ఆ మందు చేసిన పనిలో పెద్ద భాగం మురికిని కప్పిపుచ్చడమే. పసుపుకో, వాముకో ఆ పని చేతకాదు. మూలిక వాడినా లాభం లేదని తిట్టుకునే షెడ్డులోకి వెళ్లి పిడికెడు ఊక తీసి గట్టిగా నొక్కండి. చెయ్యి విప్పగానే పొడిగా రాలిపోతే సరే. ముద్దగా నిలబడితే, డ్రింకర్లు ఎక్కడో కారుతున్నాయి. ఆ తడిలో అమ్మోనియా పుడుతుంది, కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లు పక్వానికొస్తాయి, పేగు చెడుతుంది. మిరప సారం ఎంత పోసినా లీకవుతున్న నిపుల్‌ను బిగించదు కదా.

మందు మానేస్తే కోళ్లు కుప్పకూలుతాయన్న భయాన్ని డెన్మార్క్ అనుభవం తగ్గిస్తుంది. అక్కడి బ్రాయిలర్ రైతులు 1998లో తమంతట తాము ఎదుగుదల యాంటీబయాటిక్‌లు ఆపేశారు. మరణాలు పెరగలేదు. కిలో బరువుకు పట్టే దాణా మాత్రం సుమారు 16 గ్రాములు పెరిగింది. నిజం చెప్పాలంటే కాక్సీడియోసిస్ కోసం వేసే సాలినోమైసిన్‌ను వాళ్లు మానలేదు, అదీ పేగులో క్లాస్ట్రీడియాను కొంత అణిచి ఉంచుతుంది. మూలికలు ఒక్కటే గట్టెక్కించాయని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు.

మన దగ్గర ఆ 16 గ్రాములు ఎవరి ఖాతాలో పడతాయన్నదే ప్రశ్న. తెలుగు రాష్ట్రాల్లో బ్రాయిలర్ పెంపకం చాలావరకు ఇంటిగ్రేషన్‌లో నడుస్తోంది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. దాణాలో ఏం కలపాలో మిల్లే నిర్ణయిస్తుంది, రైతు చేతిలో మిగిలేవి నీళ్లు, ఊక, గాలి. కానీ పెంపకం కూలి కట్టేది ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు పట్టిన దాణా లెక్క చూసి. కంపెనీ తన దాణా మార్చుకున్న తొలి బ్యాచ్‌లలో ఎఫ్‌సీఆర్ కాస్త పెరిగితే, ఆ కోత కూలిలోంచి పోతుంది. మూలికల దాణాకు మారే ముందు రైతులు సూపర్‌వైజర్‌ని అడగాల్సింది అందులో పసుపు ఎంతని కాదు, ఆ బ్యాచ్‌లకు ఎఫ్‌సీఆర్ హద్దు ఎంత సడలిస్తారని. ఆ మాట ఒప్పందం కాగితం మీద రాసి ఇమ్మనాలి.