ఐదు ప్లస్ రెండు: పిల్లల సర్జన్ తయారయ్యే దారి

మా ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "పీడియాట్రిక్ సర్జరీ ఫెలో" అని చెబుతాను. సగం మంది "ఓహో, పిల్లల డాక్టరా" అంటారు. మిగతా సగం "ఇంకా ట్రైనింగేనా?" అంటారు. ఒంగోలు నుంచి మా అత్తగారిదీ అదే గోల: "ఇంకెన్నేళ్ళు బాబూ దీని చదువు? ముప్ఫై ఆరు దాటాయి." మెడిసిన్ చదివే పిల్లలున్న మిత్రులు ఈ మధ్య వివరాలు అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, డేటాబేసులు చూసుకునే మనిషిని. పక్కన ఉండి చూసినవాడి మాటలుగానే తీసుకోండి.

అమెరికాలో ముందు 5 ఏళ్ళు జనరల్ సర్జరీ రెసిడెన్సీ చెయ్యాలి. దాని మీద 2 ఏళ్ళు ఈ ఫెలోషిప్. మన దగ్గర ఎం.ఎస్. తర్వాత చేసే 3 ఏళ్ళ ఎం.సిహెచ్. లాంటిదన్నమాట. తేడా అంతా పోటీలో ఉంది. ఇండియాలో ఈ మధ్య పీడియాట్రిక్ సర్జరీ ఎం.సిహెచ్. సీట్లు చాలా మిగిలిపోతున్నాయి. చాకిరీ ఎక్కువ, రాబడి తక్కువ అని వేరే వాటి వైపు వెళ్ళిపోతున్నారు. ఇక్కడేమో దేశం మొత్తానికి ఏడాదికి కొన్ని పదుల సీట్లే. దరఖాస్తు పెట్టినవాళ్ళలో అటూ ఇటూగా సగం మందికే దొరుకుతాయి. ఆ సగంలో పడాలని చాలామంది రెసిడెన్సీ మధ్యలో ఆగి ఒకటి రెండేళ్ళు రీసెర్చి చేస్తారు.

మరి సీట్లు పెంచొచ్చు కదా? నేనూ అడిగాను. అన్నవాహిక మధ్యలో తెగిపోయి పుట్టే బిడ్డలు మూడు నాలుగు వేల మందిలో ఒక్కరు ఉంటారట. ఒక ఆసుపత్రికి ఏడాదికి అలాంటివి కొన్నే వస్తాయి. వాటిని నలుగురు పంచుకుంటే ఏ ఒక్కరి చెయ్యీ తిరగదు. ఇంకో లెక్క చూడండి. జనరల్ సర్జరీ పూర్తి కావాలంటే కనీసం 850 పెద్ద ఆపరేషన్లు చేసినట్టు చూపించాలి. అందులో పిల్లలవి 20 ఉంటే చాలు. ఆ ఇరవైతో నెలలు నిండని బిడ్డ కడుపు తెరవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? అందుకే ఈ రెండేళ్ళు.

కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో రక్తం మొత్తం కలిపినా 100 మిల్లీలీటర్ల లోపే. మన ఇళ్ళలో చిన్న స్టీలు గ్లాసులో పోసే కాఫీ అంత. పెద్దవాళ్ళ ఆపరేషన్లో లెక్కలోకి రాని రక్తం కూడా ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ ఒళ్ళు చల్లబడకూడదని థియేటర్ వేడిగా ఉంచుతారు. మామూలుగా చలికి వణికే ఆపరేషన్ థియేటర్లో ఈవిడ చెమటలు కక్కుతూ, కళ్ళకి భూతద్దాలు పెట్టుకుని గంటల తరబడి నిలబడుతుంది. వారానికి 80 గంటలు మించకూడదని నియమం ఉంది, నాలుగు వారాల సగటు మీద. ఫోను మోగుతుందేమోనని ఇంట్లో ఎదురుచూసే గంటలు మాత్రం అందులోకి రావు. మా ఐదేళ్ళ పాప ఆ మోతని నాకంటే ముందు గుర్తుపడుతుంది.

ఈ విద్యకి వందేళ్ళు దాటింది, అంతే. 1917లో కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఘోరమైన పేలుడు జరిగితే బోస్టన్ నుంచి సాయానికి వెళ్ళినవాళ్ళలో విలియం ల్యాడ్ ఒకరు. తర్వాత ఆయన పిల్లల సర్జరీకే అంకితమయ్యారు. 1938లో ఆయన శిష్యుడు రాబర్ట్ గ్రాస్, గురువు ఊళ్ళో లేనప్పుడు, గుండె దగ్గర మూసుకుపోని రక్తనాళాన్ని ఒక చిన్న పిల్లకి కట్టేశారు. అప్పటికాయన ఇంకా ట్రైనింగులోనే ఉన్నారు! ఈ కథ మా ఆవిడకి మహా ఇష్టం. తన అటెండింగుల ముందు మాత్రం చెప్పదు.

ఇక మన ఇళ్ళలో ఎవరూ ముందుగా చెప్పని విషయం వీసా. ఇక్కడే పుట్టిన పిల్లలకి ఈ బాధ లేదు. ఇండియాలో ఎం.బి.బి.ఎస్. చేసి వచ్చినవాళ్ళలో చాలామంది జె-1 మీద ట్రైనింగ్ చేస్తారు. దానికి మామూలుగా గడువు 7 ఏళ్ళు. 5 ప్లస్ 2 సరిగ్గా సరిపోయింది, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేదు. మా ఆవిడ నా హెచ్-4 మీద ఉన్న రోజుల్లోనే ఒక ల్యాబులో జీతం లేకుండా రెండేళ్ళు రీసెర్చి చేసింది కాబట్టి నెట్టుకొచ్చింది. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేదా వెయివర్ తెచ్చుకోవాలి. అది లేకపోతే నా గ్రీన్‌కార్డు క్యూ కదిలినా ఆవిడకి కార్డు రాదు.

వెయివర్‌కి కాన్రాడ్ 30 అని ఒక పద్ధతి ఉంది. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30. డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో 3 ఏళ్ళు పనిచెయ్యాలి. ఫ్యామిలీ డాక్టరైతే చిన్న ఊరికి వెళ్ళిపోవచ్చు. నవజాత శిశువులకి ఆపరేషన్ చెయ్యాలంటే ఎన్.ఐ.సి.యు., పిల్లల మత్తు డాక్టరు, అంతా కావాలి. అవి ఉండేది పెద్ద ఊళ్ళలోనే. ఇలాంటివాళ్ళ కోసమే ఆ 30లో 10 వరకు, ఆ ప్రాంతాల బయట ఉన్నా అక్కడి రోగులని చూసే ఆసుపత్రులకి ఇవ్వొచ్చు. ఆ పదికి అన్ని స్పెషాలిటీలవాళ్ళూ పోటీ. ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూ అయ్యాక, వెయివర్ మాట ఎత్తగానే మెయిళ్ళకి జవాబివ్వడం మానేసింది.

ఇదంతా ఇలా ఉండగా ఆవిడకి ఇంకో ఏడాది కావాలనుంది. ఫెలోషిప్ మీద మళ్ళీ ఫెలోషిప్పులు ఉన్నాయి: గర్భంలో ఉండగానే చేసే ఆపరేషన్లకి, పిల్లల క్యాన్సర్ సర్జరీకి, కొలోరెక్టల్‌కి. ఈవిడ మనసు మూడోదాని మీద. మలద్వారం లేకుండా పుట్టే బిడ్డలకి 1980లో మెక్సికోలో అల్బెర్టో పేన్యా మొదలుపెట్టిన ఆపరేషనే ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. అది బాగా కుదిరితే ఆ బిడ్డ బడికి అందరిలా వెళ్తుంది. కుదరకపోతే డైపర్లు, అవమానాలు, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. కానీ ఏడేళ్ళూ అయిపోయాయి కాబట్టి ఈ వీసా మీద ఆ ఏడాది చెయ్యడం దాదాపు అసాధ్యం.

"రెండేళ్ళు హైదరాబాద్ వెళ్దామా?" అని మొన్న తనే అడిగింది. వెళ్తే స్వదేశం నియమం తీరిపోతుంది. నీలోఫర్ లాంటి చోట ఇక్కడ ఏళ్ళ తరబడి ఎదురుచూసే కేసులు చేతికి వస్తాయి. నా ఉద్యోగం ఏమవుతుందనేది వేరే సంగతి. నాకు ఆ ఆలోచన పిచ్చిగా ఏమీ అనిపించలేదు. మా అత్తగారికి మాత్రం ఇంకా చెప్పలేదు, చెబితే వచ్చే ఆదివారానికే మేడ మీద గది ఖాళీ చేయిస్తారు.

అక్టోబరు 1న వెయివర్ల కొత్త ఏడాది మొదలవుతుంది. రెండు ఆసుపత్రులతో మాటలు నడుస్తున్నాయి. లాయరు అడిగిన కాగితాలు ఆవిడ సర్దుతోంది. నేను రాత్రిపూట హైదరాబాద్ స్కూళ్ళకి ఫోన్లు చేసి ఒకటో తరగతి ఫీజులు కనుక్కుంటున్నాను.