గుంజీళ్ళు శిక్ష కాకూడదు!

"హోంవర్కు తేలేదా? ఇరవై గుంజీళ్ళు తియ్యి!"

"ఆలస్యంగా వచ్చావా? గ్రౌండు చుట్టూ మూడుసార్లు పరుగెత్తు!"

మనలో చాలామంది బడిలో ఈ మాటలు విన్నవాళ్ళమే. గుంజీళ్ళు మంచి వ్యాయామం. పరుగు అంతకన్నా మంచిది. కాని మనలో ఎందరికో ఈ రెండూ పరిచయమైంది శిక్షగానే. ఒళ్ళు వంచడమంటే తప్పు చేసినందుకు కట్టే జరిమానా అని చిన్ననాడే మనసులో నాటుకుంటే, పెద్దయ్యాక డాక్టరు రోజూ నడవమన్నప్పుడు ప్రాణం ఉసూరుమనడంలో వింతేముంది?

పిల్లలకు ఎంత ఆట కావాలి?

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి చెమట పట్టేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే. ఆడే పిల్లలకు గుండె బలపడుతుంది, నిద్ర బాగా పడుతుంది, బరువు అదుపులో ఉంటుంది.

మరి మన పిల్లలు ఆడుతున్నారా? 2016 నాటి వివరాలతో ఆ సంస్థ నిపుణులు 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం, 11 నుంచి 17 ఏళ్ళవారిలో ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మందికి ఈ మాత్రం ఆట లేదు. మన దేశంలో దాదాపు 74 మందికి లేదు. అంటే నలుగురిలో ముగ్గురికి!

నేర్చుకోవలసింది మాస్టారు కూడా

"ఆడితే ఆరోగ్యం" అని బోర్డు మీద రాస్తే పిల్లలు ఆడరు. ఆడాలనిపించాలి. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్‌లు మనిషికి ఉత్సాహం లోపలి నుంచి పుట్టాలంటే మూడు కావాలన్నారు: ఇది నేను ఎంచుకున్నదన్న తృప్తి, ఇది నాకు చేతనవుతుందన్న ధైర్యం, వీళ్ళంతా నావాళ్ళన్న భావం.

డ్రిల్లు పీరియడులో ఇవి ఎలా వస్తాయి? "ఈవేళ కబడ్డీ" అని ఆజ్ఞాపించే బదులు, "కబడ్డీయా, ఖోఖోనా, తాడాటా? ఏది ఆడదాం?" అని అడగవచ్చు. "నువ్వెప్పుడూ ఆఖరే" అనే బదులు, "పోయినవారం ఒక రౌండుకే ఆగావు, ఈవేళ రెండు తిరిగావే!" అనవచ్చు. జట్లు కట్టేటప్పుడు లావుగా ఉన్న పిల్లవాడు చివరిదాకా ఒంటరిగా నిలబడకుండా మాస్టారే జట్లు పంచవచ్చు.

చిన్న మాటలే. కాని అలవాటు మార్చుకోవడానికి శిక్షణ కావాలి. దక్షిణ కొరియాలో వ్యాయామ ఉపాధ్యాయులకు ఇలాంటి శిక్షణ ఇచ్చి చూశారు. వారి తరగతుల్లో పిల్లలు మిగతా తరగతుల పిల్లలకన్నా ఎక్కువ ఉత్సాహంగా పాల్గొన్నారని 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. మన దేశంలోనూ 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం, ప్రభుత్వ పాఠశాలల్లో ఒక ఉపాధ్యాయుణ్ణి, ఒక ఉపాధ్యాయినిని ఎంపిక చేసి ఆరోగ్య విషయాల్లో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది.

ఉపాధ్యాయిని కూడా ఉండడం ముఖ్యం. పెద్దమనిషి అయిన ఆడపిల్ల ఆట మానేసి చెట్టుకింద కూర్చుంటే, కారణం అడిగి ధైర్యం చెప్పగలిగేది ఆమే. నెలసరి రోజుల్లో కూడా, ఓపిక ఉంటే ఆడుకోవడంలో తప్పులేదు.

తల్లిదండ్రులకు ఒక మాట

డ్రిల్లు పీరియడులో లెక్కలు చెబితే సంతోషించకండి. ఆ గంట పిల్లలదేనని బడిలో మర్యాదగా అడగండి. గుంజీళ్ళ వంటి శిక్షలు వేస్తుంటే ఊరుకోకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆడించవద్దని చెప్పండి. సీసాలో మంచినీళ్ళిచ్చి పంపండి. ఉబ్బసమో, గుండెజబ్బో ఉన్న పిల్లల విషయం ముందుగానే మాస్టారికి తెలపండి. అయితే ఉబ్బసం ఉన్నంత మాత్రాన ఆట మాన్పించనక్కరలేదు. డాక్టరును సంప్రదించి ఆడించవచ్చు.

సాయంత్రం పిల్లవాడు ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడుగుతాం కదా! రేపటినుంచి దానికి ముందు, "ఈవేళ ఏం ఆట ఆడావురా?" అని అడిగి చూడండి.