మీ వయసు సరిగ్గా ఎంత? ఒక్క రోజు తేడా ఎందుకంత కీలకం?

సూరత్‌ నగరంలోని ఆల్థాన్‌లో ఒకే వీధిలో ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. ఒక పాప 2019 జూన్ 1న పుట్టింది, మరో పాప జూన్ 3న. 2025 జూన్‌లో మొదటి పాప ఒకటో తరగతిలో చేరవచ్చు. రెండో పాప మరో ఏడాది ఆగాలి. గుజరాత్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలకే ఒకటో తరగతి ప్రవేశం. దీన్ని సవాలు చేస్తూ కొందరు తల్లిదండ్రులు వేసిన పిటిషన్లను గుజరాత్ హైకోర్టు 2023 సెప్టెంబరులో కొట్టివేసింది.

పుట్టిన తేదీ ఇస్తే చాలు, వయసును సెకన్లతో సహా చెప్పే కాలిక్యులేటర్లు ఇప్పుడు ఫోన్లలో బోలెడు. కానీ బడి, ఉద్యోగం, పింఛను, కోర్టు దగ్గరకు వచ్చేసరికి వయసు తేల్చేవి మూడు ప్రశ్నలు. ఏ పత్రంలోని తేదీ? ఏ రోజు నాటికి? ఏ నిబంధన ప్రకారం?

కాగితం మీద లెక్క ఇలా

1990 నవంబరు 25న పుట్టిన వ్యక్తికి 2025 మార్చి 10 నాటికి ఎంత వయసు? ముందు నిండిన ఏళ్లు చూడాలి. 2024 నవంబరు 25కి 34 ఏళ్లు. తర్వాత నిండిన నెలలు. 2025 ఫిబ్రవరి 25కి 3 నెలలు. అక్కడి నుంచి మార్చి 10 వరకు 13 రోజులు. మొత్తం 34 ఏళ్ల 3 నెలల 13 రోజులు.

ఎక్కువగా తప్పు జరిగేది ఈ చివరి మెట్టు దగ్గరే. నెలకు 30 రోజుల చొప్పున అరువు తెచ్చుకుని తీసివేస్తే 15 రోజులు వస్తుంది. ఇక్కడ అరువు తేవాల్సింది ఫిబ్రవరి నుంచి కాబట్టి 28 రోజులే లెక్కలోకి వస్తాయి.

ఏడాది ఎప్పుడు నిండుతుంది?

పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కించాలని 1875 నాటి మెజారిటీ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతోంది. దాని ప్రకారం 18వ పుట్టినరోజు మొదలవగానే మేజర్ అయినట్టే. ఎంత రాత్రి పుట్టారన్నదానితో పని లేదు.

ఈ సూత్రం ఒకరి ఉద్యోగావకాశాన్నే మార్చేసింది. రాజస్థాన్ ప్రభుత్వ సర్వీసు పరీక్షకు దరఖాస్తు చేసిన ఓ అభ్యర్థి 1956 జనవరి 2న పుట్టారు. 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నది నిబంధన. తన పుట్టినరోజు మర్నాడే కాబట్టి అర్హత ఉందని ఆయన వాదించారు. సుప్రీంకోర్టు 1986లో దాన్ని ఒప్పుకోలేదు. పుట్టిన రోజును కూడా కలిపితే జనవరి 1 అర్ధరాత్రితోనే 28 ఏళ్లు పూర్తయ్యాయని తేల్చింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ నిబంధనలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. 60 ఏళ్లు నిండిన నెల చివరి రోజున ఉద్యోగి రిటైరవుతారు. నెల ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం ముందు నెల చివరి రోజునే దిగిపోవాలి. జూలై 1న పుట్టినవారికి జూన్ 30 ఆఖరి రోజు. జూలై 2న పుట్టినవారికి జూలై 31. ఒక్క రోజు తేడాకు నెల జీతం తేడా.

ఈ తకరారు రాకుండా యూపీఎస్సీ తన ప్రకటనలో పుట్టిన తేదీలనే విడిగా ఇస్తుంది. 2025 సివిల్స్‌కు జనరల్ అభ్యర్థులు 1993 ఆగస్టు 2కు ముందు, 2004 ఆగస్టు 1 తర్వాత పుట్టి ఉండకూడదని రాసింది. కాబట్టి ఏ దరఖాస్తుకైనా కాలిక్యులేటర్ తెరిచే ముందు ప్రకటనలోని ఆ ఒక్క వాక్యం చదవడం మేలు.

ఫిబ్రవరి 29 చిక్కు

మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ సూరత్‌కు దక్షిణాన, ఇప్పటి వల్సాడ్ జిల్లాలోని భదేలీలో 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. నాలుగేళ్లకు 1900లో ఆయనకు పుట్టినరోజు రాలేదు. వందతో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం. అలా ఆయన తొలి ‘అసలు’ పుట్టినరోజు 1904లో, ఎనిమిదేళ్లు నిండాక వచ్చింది. 1995 ఏప్రిల్‌లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి ఆయన చూసిన ఫిబ్రవరి 29లు 23 మాత్రమే.

వయసు లెక్కకు మాత్రం ఆ తేదీ రావాల్సిన పని లేదు. లీపు కాని సంవత్సరాల్లో తైవాన్ చట్టం ప్రకారం ఫిబ్రవరి 28తోనే ఏడాది నిండుతుంది. హాంకాంగ్‌లో మేజర్ అయ్యేది మార్చి 1న. దక్షిణ కొరియాలో పుట్టగానే ఒక ఏడాదిగా లెక్కపెట్టే పాత పద్ధతి ఉండేది. అధికారిక వ్యవహారాల్లో దాన్ని పక్కనపెట్టి 2023 జూన్ 28 నుంచి అంతర్జాతీయ పద్ధతికి మారారు.

తిథి ప్రకారం చేసుకుంటే

తిథి ప్రకారం జరుపుకునే పుట్టినరోజు ఏటా వేరే తేదీన వస్తుంది. దాదాపు 19 ఏళ్లకోసారి తిథి, తేదీ మళ్లీ దగ్గరకు చేరతాయి. తెలుగు సంవత్సరాలు 60 కాబట్టి పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వచ్చేసరికి షష్టిపూర్తి. 1965-66లో విశ్వావసులో పుట్టినవారికి 2025-26లో మళ్లీ విశ్వావసు వచ్చింది. వెయ్యి పున్నములకు పట్టేది సుమారు 80 ఏళ్ల 10 నెలలు. సహస్ర చంద్ర దర్శనం వెనక ఉన్న లెక్క ఇదే.

సూరత్‌లో ఉండే తెలుగువారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. గుజరాతీలు కూడా మనలాగే అమావాస్యతో నెల ముగిస్తారు. అందువల్ల మాసం, తిథి రెండిళ్లలోనూ కలుస్తాయి. సంవత్సరం మారేది మాత్రం మనకు ఉగాదికి, వారికి దీపావళి మర్నాడు.

ఏ పత్రంలోని తేదీ చెల్లుతుంది?

మరమగ్గాల పనికి సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల నుంచి సూరత్ వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి కుటుంబాల్లో చాలామందికి బడిలో ఒక తేదీ, ఆధార్‌లో మరో తేదీ ఉండటం మామూలే. పూర్వం బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు రాసిందే పుట్టినరోజు. వయసు మాత్రమే చెప్పినవారి ఆధార్‌లో అంచనా సంవత్సరమే నమోదైంది.

దీని పర్యవసానం 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పులో కనిపించింది. రోడ్డు ప్రమాదంలో మరణించిన వ్యక్తి వయసు టీసీ ప్రకారం 45, ఆధార్ ప్రకారం 47. పరిహారం లెక్కలో 45 ఏళ్లకు గుణకం 14, 47కు 13. అంటే ఆ కుటుంబం ఒక ఏడాది ఆదాయాన్ని పోగొట్టుకునేది. ఆధార్ గుర్తింపునకే గాని పుట్టిన తేదీకి రుజువు కాదంటూ కోర్టు టీసీనే ప్రమాణంగా తీసుకుంది. పీఎఫ్ సంస్థ కూడా 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తొలగించింది.

2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి బడి, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగం వంటి వాటికి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పైగా నమోదు జరిగేది కాన్పు అయిన ఊళ్లోనే. తొలి కాన్పుకు పుట్టింటికి సిరిసిల్ల వెళ్తే పత్రం అక్కడి మున్సిపాలిటీలోనే తీసుకోవాలి, సూరత్‌లో దొరకదు.

ఆధార్‌లో పుట్టిన తేదీని మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉంటుంది. కాబట్టి టీసీ, జనన పత్రం, పీఎఫ్ ఖాతా, ఆధార్‌లోని తేదీలను ముందే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఆధార పత్రం చేతికొచ్చాకే సవరణకు వెళ్లాలి. పత్రాల్లో తేదీ ఒక్కటే అయ్యాక, వయసు లెక్కకు రెండు నిమిషాలు చాలు.