ముసాంబరం – పవిత్రమైన చేదు

బెణికిన కాలికి పట్టు వేయడానికి పచారి కొట్టులో కొనే నల్లని ముసాంబరం మన పల్లెలలో అందరికీ పరిచితమే. కలబంద ఆకును కోసినపుడు తోలు అడుగు నుండి కారే పసుపుపచ్చని చేదు రసాన్ని ఎండించగా ఏర్పడేది ఇది. లోపలి జిగురు గుజ్జు వేరు, ఈ రసం వేరు అని పాఠకులు గమనించాలి.

కొన్నేండ్ల క్రిందట మా నెల్లికుదురులో ఒక పెద్దాయన కాళ్లలో సత్తువ లేదని నా వద్దకు వచ్చినారు. పూర్వం హైదరాబాదులో ఒక హకీముగారు మలబద్ధానికి కొద్ది దినాల కొరకు చేదు మాత్రలిచ్చినారట. అవి అయిపోగానే, "అందులో ఉన్నది ముసాంబరమే గదా అయ్యా" అని రెండేండ్లుగా ప్రతి రాత్రి దానినే మింగుతున్నారు. రక్తపరీక్షకు పంపగా పొటాషియం క్షీణించినట్లు తేలింది. ఆసుపత్రి చికిత్సతో, ముసాంబరం మానడంతో కోలుకొన్నారు.

ఆ మాత్ర 'అయారిజ్ ఫైఖరా' అనే యూనానీ యోగం. 'హియెరా పిక్రా', అనగా 'పవిత్రమైన చేదు' అనే గ్రీకు నామమే అరబ్బుల నోట ఇలా మారింది. ఇందులో ముసాంబరంతో పాటు దాల్చినచెక్క, జటామాంసి, మస్తకి, కుంకుమపువ్వు మున్నగునవి చేరుతాయి. ఇంగ్లండులో నాలుగు పాళ్ల ముసాంబరానికి ఒక పాలు కనెల్లా అనే సువాసన గల చెక్కను కలిపేవారు. అక్కడి సామాన్యులు దానిని 'హికరీ పికరీ' అని పిలిచేవారు.

ఈ సుగంధద్రవ్యాలు రుచి కొరకు మాత్రమే కావు. ముసాంబరం కడుపులో మెలిపెట్టి నొప్పి పుట్టిస్తుంది. దాని తీక్ష్ణతను తగ్గించే ద్రవ్యాన్ని హకీములు 'ముస్లిహ్' అంటారు. తీక్ష్ణ విరేచనాన్ని రోగి బలాబలాలు చూడక ఇవ్వరాదని గురుకులంలో మాకును నేర్పినారు.

అయితే తోడు ద్రవ్యం నొప్పిని తగ్గిస్తుందే గాని, దీర్ఘకాల సేవనం వలన కలిగే నష్టాన్ని ఆపదు. ముసాంబరంలోని అలోయిన్ పెద్దప్రేగులో మార్పు చెంది దానిని రేపుతుంది. నీటితో పాటు లవణాలూ బయటికి పోతాయి. పొటాషియం తగ్గితే కండరాలు సడలుతాయి, గుండె లయ తప్పుతుంది. తగిన భద్రతా సమాచారం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో, వైద్యుని చీటీ లేకుండా అమ్మే విరేచన మందులలో ముసాంబరాన్ని నిషేధించింది.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు, గుండెకు మందులు వాడేవారు దీనిని లోనికి సేవించరాదు. మలబద్ధానికి ముందుగా నీరు, ఆకుకూరలు, నానబెట్టిన ఎండుద్రాక్ష, నడక ఆశ్రయించండి. అప్పటికీ తీరకున్న వైద్యుని చూడండి. ముసాంబరాన్ని మాత్రం బెణుకు మీది పట్టుకే ఉంచండి.