చచ్చినవాడికి పేరుంటుందా?

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ కుర్రకారు నోట కొత్త ఆయుధం పేరు నానింది: కటానా. సుజీత్ తీసిన ‘ఓజీ’లో పవన్ కళ్యాణ్ చేతికి జపాన్ కత్తి వచ్చింది, వెనకాలే అక్కడి రౌడీ ముఠాల యకుజాలొచ్చారు, సెన్సారు వాళ్ల ‘ఎ’ సర్టిఫికెట్టూ వచ్చింది. అదే ఏడాది మే 1న వచ్చిన నాని ‘హిట్ 3’కీ ‘ఎ’యే. ఒకప్పుడు ఆ అక్షరం ఉన్న పోస్టరు ముందు తల దించుకుని నడిచేవాళ్లం. ఇప్పుడది హీరో మగతనానికి ముద్ర.

కత్తి తెచ్చుకున్నాం సరే, దాన్ని వాళ్లు తెరమీద ఎలా చూపించారో కూడా తెచ్చుకున్నామా?

జపాన్ వాళ్లూ మొదట మనలాగే తీశారు. 1960ల యకుజా సినిమాల్లో కెన్ తకకురా మర్యాద తెలిసిన రౌడీ. అవమానాలన్నీ దిగమింగి, చివర్లో కత్తి పట్టుకుని వెళ్లి శత్రువుల్ని నరికేవాడు. ‘సమరసింహారెడ్డి’ చూసినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. 1973లో దర్శకుడు కింజి ఫుకసాకు దాన్ని తలకిందులు చేశాడు. సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు బొమ్మలు చూసి పెరిగిన సికింద్రాబాద్ తరానిక్కూడా ఆయన పేరు పెద్దగా తెలియదు. ఆయన తీసిన ‘బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ’ అణుబాంబు మేఘంతో మొదలవుతుంది. ఆధారం, ఒక అసలు యకుజా జైల్లో రాసుకున్న జ్ఞాపకాలు. చంపేవాడి చెయ్యి వణుకుతుంది, గురి తప్పుతుంది. చచ్చేవాడు ఒక పట్టాన చావడు. చచ్చాక బొమ్మ ఆగి, వాడి పేరూ తేదీ తెర మీద పడతాయి. పదిహేనేళ్ల వయసులో ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, దాడిలో పోయిన తోటి పిల్లల శవాలు మోసినవాడు ఫుకసాకు. లెక్క రాయడం అక్కడే అలవాటై ఉంటుంది.

మరో జపాన్ దర్శకుడు మియికె తీసిన ‘ఇచి ది కిల్లర్’ (2001) సంగతి వేరు. టొరంటో ఉత్సవంలో వాంతి సంచులు పంచారు, బ్రిటన్ సెన్సారు మూడు నిమిషాలకు పైగా కోసేసింది. నాకా సినిమా మీద పెద్ద గౌరవం లేదు. కానీ అందులో హంతకుడు ఏడుస్తూ చంపుతాడు, మనం ఈల వేద్దామన్నా నోరు రాదు.

మన ఫుకసాకు కాగలిగినవాడు అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రామ్ గోపాల్ వర్మ. ‘శివ’ (1989)లో సైకిల్ చైన్ పెళ్లున తెగినప్పుడు హాలంతా లేచింది. 2010లో ‘రక్తచరిత్ర’తో నిజమైన కక్షల్లోకి దిగాడు. రెండో భాగం డిసెంబరు 3న విడుదలైంది. నెల తిరిగేసరికి, 2011 జనవరి 3న, ఆ కథలోని మద్దెలచెరువు సూరి హైదరాబాద్‌లో హత్యకు గురయ్యాడు.

అంతకు ముందే సినిమా, కక్ష ఒకే రోడ్డు మీద ఎదురుపడ్డాయి. 1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో ‘శ్రీరాములయ్య’ ప్రారంభోత్సవం ముగించుకుని వస్తున్న సూరి ప్రత్యర్థి పరిటాల రవి గురిగా కారు బాంబు పేలింది. రవి బతికాడు. 26 మంది పోయారు. వాళ్లలో ముహూర్తం వార్త కోసం వచ్చిన టీవీ సిబ్బందీ ఉన్నారు. వర్మ కెమెరా రవి, సూరిల వెంట నడిచింది. ఆ టీవీ కెమెరావాళ్ల వెంట నడిచే సినిమా ఎవరైనా తీస్తే, ఏ సర్టిఫికెట్టు ఇచ్చినా సరే, మొదటి టికెట్టు నేను కొంటాను.