తోతాపురి తోటలు – ఖర్చును గూర్చిన అపోహలు

తిరుపతి, పీలేరు, చిత్తూరు దారులు కలిసికొను పూతలపట్టు ప్రాంతమున 2025 వేసవి మొదలుకొని ఇచ్చట బెంగళూరా యనబడు తోతాపురి మామిడిని గూర్చి ఒక మాట చెట్టునుండి చెట్టునకు నిప్పువలె ప్రాకినది: “బెంగళూరా తోట ఉన్నన్నాళ్లూ నష్టమే, నరికేస్తే పీడ పోతుంది.” ఇది కేవలము నోటిమాటగా ఉండిపోయిన యెడల ఈ వ్యాసముతో పని లేకుండెడిది, కాని కాపుకాయుచున్న చెట్లు మొదలంట పడుచున్నవి, పడిన చెట్టును మరల నిలబెట్టు ఉపాయము ఎవ్వరి చేతను లేదు.

ఆ యేటి సంగతి పాఠకులకు తెలిసినదే. కాపు విరగకాసినది, ముందటేటి గుజ్జు నిల్వలు ఫ్యాక్టరీలలో మిగిలియుండెను, విదేశముల గిరాకి మందగించెను. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలును, తాను 4 రూపాయలును కలిపి 12 రూపాయలు రైతునకు దక్కునని ప్రభుత్వము ప్రకటించినను, చాలాచోట్ల ఫ్యాక్టరీల వాటా ఆ 8 రూపాయలను అందుకొనలేదు. పొరుగు రాష్ట్రముల తోతాపురి చిత్తూరు జిల్లాలోనికి రాకుండ జూన్‌లో నిషేధము విధింపగా కర్ణాటక ముఖ్యమంత్రి ఆక్షేపణ తెలిపెను. ఫ్యాక్టరీ గేట్ల యెదుట కాయల ట్రాక్టర్లు బారులు తీరి పగళ్లును రాత్రులును గడిపెను. అంతటి బాధను చవిచూచిన రైతు గొడ్డలివైపు చూచుటలో ఆశ్చర్యము లేదు. ఆ బాధను లెక్కగా భ్రమించి ఇతరులకు బోధించువారినిజూచియే నాకు సహనము నశించుచున్నది.

ఈ వదంతిలోని దోషము ఎక్కడనున్నది? ఒక్క యేటి ఖర్చునంతయు కుప్పవేసి, ఆ యేటి ధరతో పోల్చి, అందు తేలిన నష్టమును చెట్టునకు శాశ్వత లక్షణముగా అంటగట్టుటలో నున్నది. ఖర్చులన్నియు ఒక జాతివి కావు. దుక్కికి, ఎరువునకు, మందుల పిచికారీకి, కాపలాకు పెట్టినది పెట్టితిమి. కోసినను కోయకున్నను, నరికినను నరకకున్నను అది తిరిగి రాదు. కోతకూలి, ట్రాక్టరు బాడుగ, దింపుడు కూలి ఇంకను మన చేతిలోనున్న ఖర్చులు. నేడు చేయు నిర్ణయమునకు ఈ రెండవ జాతితోనే సంబంధము.

లెక్క చూడుడు. ఎకరమునకు నాలుగు టన్నుల కాపు, కాయ పక్వమగువరకు ముప్పదివేల రూపాయల ఖర్చు, కోతకును బాడుగకును కిలోకు రెండు రూపాయలు అనుకొందము. మొత్తము భాగించినచో కిలో తొమ్మిదిన్నర రూపాయలకు పడినది. గేటువద్ద ధర అయిదు రూపాయలు. “తొమ్మిదిన్నరది అయిదుకు ఇస్తానా, చెట్టుమీదే కుళ్లనీ” యని రోషపడిన రైతునకు ముప్పదివేలును నష్టమే. కోసి అమ్మినవానికి కిలోకు మూడు రూపాయల చొప్పున పన్నెండువేలు చేతికి వచ్చి నష్టము పదునెనిమిదివేలకు దిగును. పదునెనిమిదివేల నష్టము నష్టము కాదని నేననను. ముప్పదివేలకన్న తక్కువ యనుచున్నాను. కోతకూలి, బాడుగలకు సరిపడు ధరయైనను రానినాడు మాత్రమే కాయను చెట్టుననే విడువవలెను. అందులోను గేటుధరను నమ్మి లెక్కవేయరాదు: మూడు దినములు బారులో నిలిచిన బండికి బాడుగ పెరుగును, కాయ వాడి తూకము తగ్గును, మెత్తబడినది తరుగులోనికి పోవును. చేతికి వచ్చు ధర యొకటే ధర.

పెట్టిన ధనమును పట్టుకొని వ్రేలాడుట మన రైతుల దోషము మాత్రమే కాదు. ధ్వనివేగమును మించిన కాంకార్డు విమానము గిట్టుబాటు కాదని తేటపడిన పిదపను, అంతవరకు వెచ్చించినది వృథాయగునని బ్రిటన్, ఫ్రాన్సు ప్రభుత్వములు దానిని కొనసాగించిన తీరువలన ఈ పొరపాటునకు ఆ విమానము పేరే స్థిరపడినది. 2003లో ఆ విమానములు ఎగురుట మానినవి.

అయితే ఇదే సూత్రము రెండవవైపునను పదునైనదని నరుకుడు బోధకులు గ్రహింపకున్నారు. గడచిన ఖర్చు తోటను నిలుపుకొనుటకు కారణము కానట్లే, గడచిన నష్టము తోటను నరుకుటకును కారణము కాదు. చెట్టు కూలినంత మాత్రమున 2025 నాటి అప్పు తీరదు. అడుగవలసిన ప్రశ్న ఇది: ఇకమీదట, మంచియేడును చెడ్డయేడును సగటున చూచినచో, ఈ తోట తెచ్చు రాబడి దీని సంరక్షణ వ్యయమును, ఇదే నేల మరొక విధమున తేగల ఆదాయమును మించునా? తోతాపురి ఇంచుమించు ఏటేట కాయు స్వభావము గలది; ఒక్క యేటి ధరతో దానిని తూచుట అన్యాయము. నరికినచో మొద్దులు పెరికించు ఖర్చు కలదు. కొత్తగా అంట్లు నాటినచో కాపు కంటబడుటకే నాలుగైదేండ్లు పట్టును, ఆ యేండ్ల కుటుంబపోషణ ఖర్చును నరుకుడు ఖాతాలోనే వ్రాయవలెను. వ్రాసినవారిని నేను చూడలేదు.

ఒక్క విషయము, మనసొప్పకున్నను, ఒప్పుకొనవలసియున్నది. కొమ్మలు ఒండొంటితో పెనగొని వెలుతురు చొరని ముదురు తోట, బోరు ఎండిన తోట, మంచి ధర పలికిన యేండ్లలోను సంరక్షణ ఖర్చునకు మిగులు చూపని తోట కలవు. వాటి విషయమున “తీసివేయు”మన్న మాట తప్పు కాదు. అక్కడను మొదలంట నరుకుటకు ముందు, తల కొట్టి చిగుళ్లు రప్పించుటయు, ఆ చిగుళ్లకు బంగినపల్లి వంటి వేరొక రకమును అంటుకట్టుటయు విచారింపదగిన మార్గములు. పాత వేరు బలమున అట్టి చెట్టు కొత్త మొక్కకన్న ముందుగా కాపునకు వచ్చును.

తక్కిన అపోహలకు ఇంత చోటు అనవసరము. “మా ఖర్చు ఇంత, కనుక ధర ఇంత ఉండాల”న్నది న్యాయమైన కోరిక కావచ్చును గాని, ఫ్యాక్టరీ గుజ్జు గిరాకిని చూచి కొనును, రైతు ఖాతాను చూచి కాదు. “ఇంటివాళ్ల చాకిరీకి ఖర్చేముంది” అనువారు ఆ యిల్లాలు అదే దినము పరుల తోటలో కూలికి పోయిన ఎంత తెచ్చునో అడిగి తెలిసికొందురు గాక. కరెంటు ఉచితము గనుక నీరు ఉచితమనుట బోరు, మోటారు, కేబులు ఖరీదులను మరచుటయే. ఎకరమునకు నలుబది చెట్ల స్థానమున ఆరువందల డెబ్బదికి పైగా మొక్కలు నాటు అతిసాంద్ర పద్ధతిలో రాబడి తప్పక హెచ్చునని నమ్మువారు మొక్కల వెల, డ్రిప్పు, ఏటేటి కత్తిరింపు కూలిని మొదట కూడుకొనవలెను.

కనుక తోట గల ప్రతి కుటుంబమును ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొని, ఖర్చులను ‘కాయ పక్వమగువరకు’, ‘కోత మొదలు గేటువరకు’ అని రెండు పుటలలో వేరువేరుగా వ్రాసికొనవలెను. ఇంటివారి పనిదినములను కూలి రేటున అందు చేర్చవలెను. కోతకు ముందే ఫ్యాక్టరీవారితోనో మండీవారితోనో దింపుడు తేదీని, తరుగును మాటాడుకొని, ఆ దినమునకు సరిపడినంత మాత్రమే కోయింపవలెను. ధర పడిన వేసవిలో, కడుపుమంటమీద, నరుకుడు నిర్ణయము ఎన్నడును చేయరాదు. అయిదు కాపుల జమాఖర్చు కన్నులయెదుట పెట్టుకొనకుండ చెట్టుమీద గొడ్డలి వేయవలదని పూతలపట్టు, ఐరాల, బంగారుపాళ్యము రైతన్నలను చేతులు జోడించి వేడుచున్నాను.