లిస్టు అడిగితే యాప్ ఎందుకు చేతులెత్తేస్తది?

సంఘాలు సుత యాపులు కట్టిచ్చుకునే రోజులొచ్చినయి. కూలీల పేర్లు, ఆగిపోయిన కూలి పైసలు, పింఛన్ దరఖాస్తులు అన్నీ క్లౌడ్‌ల పెడుతున్నం. మంచిదే. కానీ సరిగ్గ అక్కర పడ్డనాడే ఆ యాప్ "ఇండెక్స్ లేదు" అని మొండికేస్తది. కట్టిచ్చినోళ్లను అడిగితే "సర్వర్ చిన్నగుంది, పెద్దది తీస్కోండి" అని ఇంకో బిల్లు చేతుల పెడ్తరు. మా సంఘానికి గిట్లనే చెప్పిండ్రు. నేను ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కలే, పైథాన్ సొంతంగ కూసోని నేర్చుకున్న. అయినా గట్టిగ చెప్తున్న, ఇండెక్స్ లేని జబ్బుకు పెద్ద సర్వర్ మందు కాదు.

ఇండెక్స్ అంటే ఏందో తెల్వాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు యాది చేసుకోండ్రి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజుల పుస్తకం వేరు, దాని ఇండెక్సులు వేరు. ఒకటో నంబరు ఇండెక్సుల రాసిచ్చినోళ్ల పేర్లు, రాయించుకున్నోళ్ల పేర్లు ఉంటయి. రెండో నంబరుల ఆస్తి వివరాలుంటయి. పేరు తెలిస్తే ఒకటి తియ్యాలె, సర్వే నంబరు తెలిస్తే రెండు తియ్యాలె. "ఫలానా ఊర్లె, అమ్మకాలు మాత్రమే, తారీఖు వరుసల కావాలె" అని అడిగితే? అట్ల పేర్చిన పుస్తకం లేదు. ఓపికున్న గుమస్తా అయితే అన్ని పేజీలు తిరగేసి, కాగితం మీద ఎక్కిచ్చి, వరుస పెట్టిస్తడు. ఇంకో గుమస్తా "ఆ పుస్తకం లేదు, పో" అంటడు.

పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ మొదటి రకం. ఇండెక్స్ లేకున్నా మొత్తం తిరగేసి లిస్టు ఇస్తది, కాకుంటే ఆలిస్యం. గూగుల్ యాప్ ఇంజిన్‌తోని వచ్చిన డేటాస్టోర్ రెండో రకం. 2008ల యాప్ ఇంజిన్ మొదలైనప్పుడు పైథాన్‌కే ముందు చోటిచ్చిండ్రు. మా యాప్ సుత దాని మీదనే ఉన్నది. దాంట్ల ఏ ప్రశ్నకైనా జవాబు ఇండెక్స్ కెళ్లే రావాలె. దీనికో లాభమున్నది. లోపల లక్ష రికార్డులున్నా కోటి ఉన్నా, ఇరవై పేర్లు అడిగితే ఇరవై పేర్లకు పట్టే టైమే పడ్తది. కానీ ఇండెక్స్ లేకుంటే జవాబే లేదు.

మా యాప్ ఉపాధి కూలీలది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంల 15 రోజులల్ల కూలి పడాలె, లేకుంటే నష్టపరిహారం ఇయ్యాలె అని రాసిండ్రు. అంటే మాకు కావాల్సిన లిస్టు ఒక్కటే: ఈ మండలం, పైసలు పడనోళ్లు, పని అయిపోయిన తారీఖు వరుస. మండలం ఒక్కదాంతోని వెతికితే డేటాస్టోర్ దానంతట అదే పెట్టుకున్న ఇండెక్స్ సాలు. మండలం, పైసలు పడలేదు అనే రెండు షరతులు కలిపినా నడుస్తది, రెండు ఇండెక్సులను పక్కపక్కన పెట్టి చూసుకుంటది. తారీఖు వరుస అనంగనే కథ మారుతది. మూడింటినీ కలిపి పేర్చిన ఇండెక్స్ కావాలె. అది మనమే ఇండెక్స్ డాట్ యామల్ అనే ఫైల్ల రాసి పంపాలె.

మరి ల్యాప్‌టాప్ మీద ఎట్ల నడిచింది? అక్కడి ఉత్తుత్తి డేటాస్టోర్ మనం అడిగిన ప్రతి క్వెరీ చూసి, కావాల్సిన ఇండెక్స్ ఆ ఫైల్ల తానే రాసిపెడ్తది. పరీక్షల నొక్కని బటన్ తాలూకు క్వెరీ అందుల పడదు. అది జనం చేతుల్లకు పోయినంకనే బయటపడ్తది. ఫైల్ పంపంగనే పనైపోదు, ఇండెక్స్ తయారైతందుకు సుత టైమ్ పడ్తది. అందుకే ముందు ఇండెక్స్ ఫైల్ పంపాలె, తయారైందని చూపెట్టినంకనే కొత్త కోడ్ ఎక్కియ్యాలె. మా దగ్గర రెండూ ఒక్కపారే ఎక్కిచ్చి "సర్వర్ చిన్నది" అన్నరు.

అట్లని అన్నిటికీ ఇండెక్స్ పెట్టుడు సుత తెలివి కాదు. ఒక్క రికార్డు మారినా దానికి సంబంధించిన ప్రతి ఇండెక్స్ మారాలె, జాగకు కిరాయి పడ్తది. బ్యాంకు ఖాతా నంబరుతోని మనం ఎన్నడు వెతకం, దానికి ఇండెక్స్ వద్దని కోడ్‌ల చెప్పొచ్చు. పాతయి వాటంతట అవి పోవు, క్లీనప్ కమాండ్ ఇచ్చి తీసెయ్యాలె.

నాకు వీటన్నిటికంటె భయం పుట్టిచ్చేది ఇంకోటున్నది. ఇండెక్స్ లేకుంటే కనీసం ఎర్రర్ వస్తది. కానీ యాప్ కట్టిచ్చినోళ్లు పని తారీఖు కాలమ్‌ను నడుమల చేర్చిండ్రు. అంతకుముందు ఎక్కిన కూలీల రికార్డుల్ల ఆ కాలమే లేదు. కాలమ్ లేని రికార్డు ఆ ఇండెక్సుల ఎక్కదు, ఇండెక్సుల లేనిది లిస్టుల రాదు. ఎర్రర్ లేదు, చప్పుడు లేదు. అందరికంటె ముందుగాల పేరు రాయించుకున్నోళ్లే మాయమైతరు. దీనికి మందు సులువే. పాత రికార్డులన్నీ ఒక్కొక్కటి తీసి, తారీఖు నింపి, మళ్ల సేవ్ చెయ్యాలె. లిస్టుల ఎంతమంది వచ్చిండ్రు, రిజిస్టర్ల ఎంతమంది ఉన్నరు అని ఊరూరుకు లెక్క కలిపి చూసినంకనే ఆ కాగితం ఎంపీడీవో టేబుల్ మీద పెట్టుండ్రి.